వంతెన దాటిన ఎలుగుబంటి

స్కూల్లో నాటకం మొదలయ్యేలోగా ఎలుగుబంటి అక్కడికి చేరాలి. ఆ ఉదయం అత్తగారికి ఉన్న పని అదొక్కటే. రాత్రింబవళ్ళు కుట్టుమిషన్ ముందు కూర్చుని నాటకంలో వేషం వేసే మాస్టారి కొలతలకి ఆవిడ ఆ ఎలుగుబంటి దుస్తులు కుట్టారు. తల, ఒళ్ళు, పంజాలు అన్నీ కలిపి ఒకటే తొడుగు, వీపు మీద పొడవాటి జిప్పు. ఏం కుడుతున్నారో కోడలికి కూడా చూపించలేదు. దాన్ని మడిచి సంచిలో కుక్కుతుంటే, పక్కగదిలో కోడలు బూట్ల లేసులు బిగించుకుంటోంది. కోడలు ట్రాఫిక్ ఎస్సై. ఈ ఊరికి బదిలీ అయి వచ్చాక ఇదే ఆమె మొదటి పెద్ద తనిఖీ.

"ఇవాళ వంతెన దగ్గరే ఉంటా అత్తయ్యా. ఈ ఎలక్ట్రిక్ సైకిళ్ళ వాళ్ళతో ప్రాణం విసిగిపోయింది. బండి వేగం మించకుండా కంపెనీ పెట్టే వేగం తాళాలు షాపులో పీకించేసుకుని, పెడల్ మీద కాలు కూడా పెట్టకుండా స్కూటర్లని దాటేస్తున్నారు. నంబర్లు లేవు, లైసెన్సులు లేవు. మొన్న ఒకడు ఫుట్‌పాత్ ఎక్కి ఓ పెద్దాయన మీదికి పోనిచ్చాడు. ఇవాళ ఎవరొచ్చినా సరే, వదిలేది లేదు."

"వదలకు తల్లీ! బళ్ళు లాగేసుకో," అన్నారు అత్తగారు మనస్ఫూర్తిగా.

కోడలు జీపెక్కి వెళ్ళాక అత్తగారు తన ఎలక్ట్రిక్ సైకిలు బయటికి తీశారు. మోకాళ్ళ నొప్పులు మొదలైనప్పటినుంచీ ఆవిడకి అదే కాళ్ళు. ఎత్తు ఎక్కాలంటే మూలుగుతోందని కిందటి రోజే సైకిల్ షాపున్న తమ్ముడికిచ్చి బాగుచేయించారు. సంచి వెనక కట్టి, ఎక్కి కూర్చుని, కుడిచేతి పిడిని ఎప్పటిలాగే కొంచెం తిప్పారు.

సైకిలు ఎప్పటిలాగా కదల్లేదు. ఎగిరింది. వీధి చివర పాలబండి, దాని వెనక చెత్తబండి, ఆ వెనక ఒక కారు, అన్నీ వెనక్కి వెళ్ళిపోయాయి. కారులో ఉన్నాయన అద్దం దించి మరీ చూశాడు. అత్తగారు భయంతో 'రామ రామ' అనుకున్నారు. అయినా ఆ భయం అడుగున ఎక్కడో చక్కిలిగింత పెట్టినట్టయి, ఒక చిన్న నవ్వు కూడా వచ్చింది. వంతెనకి కాస్త ఇవతల, బస్ షెల్టర్ దగ్గర బ్రేకు వేసి, ఊపిరి తీసుకుని తమ్ముడికి ఫోన్ చేశారు.

"ఏం చేశావురా నా బండిని?"

"ఏముందక్కా, తాళం తీసేశా. ఇప్పుడు హాయిగా ఉందా?"

"ఏం తాళం?"

"వేగం తాళం. అందరూ తీయించుకుంటున్నారుగా!"

అత్తగారు ఫోన్ పెట్టేసి వంతెన వైపు చూశారు. అక్కడ అడ్డంగా పెట్టిన కంచెలు, స్పీడ్ గన్ పట్టుకున్న కానిస్టేబుల్, నడుం మీద చేతులేసుకుని తన కోడలు. అవతలి ఒడ్డుకి వేరే దారి లేదు. సంచితో నడిచిపోదామంటే మోకాళ్ళు సహకరించవు. బండిని నడిపించుకుంటూ పోతే కోడలు పలకరించకుండా ఉండదు, మోటారు చూడకుండానూ ఉండదు. 'కొత్త ఎస్సై గారి మొదటి కేసు సొంత అత్తే' అని స్టేషనంతా నవ్వుకుంటే ఆ పిల్ల తల ఎక్కడ పెట్టుకుంటుంది? అటు స్కూల్లో పిల్లలు ఎదురుచూస్తుంటారు.

అప్పుడావిడ చూపు సంచి మీద పడింది. షెల్టర్ వెనక్కి వెళ్ళి ఎలుగుబంటిని తొడుక్కున్నారు. అక్కడ నిలబడ్డ ఒకావిడని, "కాస్త జిప్పు పైకి లాగుతారా?" అని అడిగారు. ఆవిడ లాగి, బస్సు కోసం ఆగకుండా నడిచి వెళ్ళిపోయింది.

మెల్లగా, పిల్లల్ని నవ్వించేవాళ్ళు వెళ్ళినట్టు వెళ్ళిపోవాలని అత్తగారి ఆలోచన. కానీ పంజాల్లో ఆవిడ దూది దట్టంగా కూరారు. పిడి తిప్పగానే లావుపాటి పంజా దాని మీద బిగుసుకుపోయింది. వదులు చేద్దామంటే ఇంకా తిరిగింది. రెండో పంజాకి బ్రేకు అందనే లేదు. ఎలుగుబంటి కంచెల మధ్య సందులోంచి దూసుకుపోయింది. వెళుతూ వెళుతూ, కోడల్ని చూసి అలవాటుగా చెయ్యి కూడా ఊపింది.

కోడలు వైర్‌లెస్ అందుకుంది. "కంట్రోల్! ఒక ఎలుగుబంటి ఇప్పుడే వంతెన దాటింది. సైకిల్ మీద. చాలా వేగంగా."

అటునుంచి ఆపరేటరు గొంతు తగ్గించాడు. "మేడం, మీరు టిఫిన్ చేశారా?"

"నేను బాగానే ఉన్నాను! స్కూలు వైపు వెళుతోంది, ఆపండి!"

కంట్రోల్ రూమ్ నుంచి ఆ కబురు స్కూలుకి చేరేసరికి అందులోంచి 'సైకిల్ మీద' అన్న మాట దారిలో ఎక్కడో జారిపోయింది. ఎలుగుబంటి ఒక్కటే మిగిలింది. హెడ్‌మిస్ట్రెస్ పిల్లలందరినీ హాల్లోకి తోలి, తలుపులు బిగించి, జంతువుల్ని పట్టేవాళ్ళకి ఫోన్ చేసింది.

అత్తగారు స్కూలు ఆవరణలో ఇసకగుంటలోకి పోనిచ్చి బండి ఆపారు. అంటే, బండి ఆగింది, ఆవిడ ఇంకొంచెం ముందుకెళ్ళి ఆగారు. ఇసక దులుపుకుని లేచి హాలు తలుపు తట్టారు. కిటికీల నిండా పిల్లల మొహాలు.

"మేడం! తలుపు తియ్యండి, ఎలుగుబంటిని తెచ్చాను!"

లోపలినుంచి హెడ్‌మిస్ట్రెస్ అరిచింది. "తెచ్చావా? అయితే ఇంకోటి కూడా ఉందా?" వెంటనే ఫోన్‌లో, "హలో, పెద్ద బండి పంపండి. రెండున్నాయి. ఒకటి మాట్లాడుతోంది," అనడం వినిపించింది.

"అయ్యో, ఇంకోటేమీ లేదండీ, నేనే!" అంటూ అత్తగారు వీపు మీది జిప్పు కోసం తడుముకున్నారు. పంజాకి అది దొరకలేదు. గుండ్రంగా తిరుగుతూ ఒకసారి అటు, ఒకసారి ఇటు ప్రయత్నించారు. నాటకం మొదలైందనుకుని పిల్లలు కిటికీల్లోంచి చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి వల వచ్చి మీద పడింది.

కోడలి జీపు వచ్చేసరికి, వల పట్టుకున్న ఇద్దరు మనుషులు తాము పట్టిన జంతువుతో వాదిస్తున్నారు.

"కాళ్ళు లాగకండి నాయనా, మోకాళ్ళు!" అంటోంది జంతువు.

కోడలు అడుగు ఆగిపోయింది. దగ్గరికొచ్చి ఎలుగుబంటి నోట్లోకి తొంగిచూసింది. "అత్తయ్యా?"

"నేనే అమ్మాయీ. నీకు తలవంపులు రాకూడదని..."

కోడలు పెదవులు బిగించింది. కోపమేమో అనుకున్నారందరూ. కానీ భుజాలు కదిలాయి, తర్వాత టోపీ కదిలింది, చివరికి జీపుకి ఆనుకుని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వుతూనే జిప్పు లాగింది. అది దారంలో ఇరుక్కుని రానంది. కత్తిరిద్దామంటే హెడ్‌మిస్ట్రెస్ తలుపు కొంచెం తెరిచి, "నాటకం అయ్యాక కత్తిరించండమ్మా, మీకు పుణ్యముంటుంది!" అని బతిమాలింది. అలా అత్తగారే ఎలుగుబంటి వేషం కట్టాల్సివచ్చింది. మాటలేమీ లేని వేషం. గుండ్రంగా తిరిగినప్పుడల్లా హాలు దద్దరిల్లిపోయింది. పిల్లలు మళ్ళీ మళ్ళీ తిరగమన్నారు. ఆవిడ మోకాళ్ళ సంగతే మర్చిపోయి తిరిగారు.

తెర పడ్డాక, ఎలుగుబంటిలోంచి అత్తగారిని కత్తిరించి బయటికి తీశాక, కోడలు కాగితం తీసింది. "అత్తయ్యా, డ్యూటీ. కేసు రాయక తప్పదు. పిల్లలు తిరిగే దారిలో ఈ వేగమేంటి? ఎవరికైనా తగిలుంటే?"

"రాయి తల్లీ. తప్పు నాదే," అన్నారు అత్తగారు చేతులు కట్టుకుని.

బండిని స్టేషన్‌కి చేర్చాలి. జీపులో పట్టదు. కానిస్టేబుల్ వంతెన దగ్గరే ఉండిపోయాడు. "నేనే నెమ్మదిగా తీసుకొస్తాను. మీరు జీపులో వెనకాల రండి," అని కోడలు సైకిలెక్కింది. డ్రైవరు జీపు స్టార్ట్ చేసి తలెత్తి చూసేసరికి ముందు ఎవరూ లేరు.

"అమ్మా, మేడం కనబడట్లేదండీ."

"కొంచెం తొందరగా పోనీ నాయనా," అన్నారు అత్తగారు. ఆవిడకి అర్థమైంది.

వంతెన దగ్గర కోడల్ని కానిస్టేబుల్ ఆపేశాడు. ఒక చేత్తో సెల్యూట్, రెండో చేతిలో స్పీడ్ గన్. కోడలి టోపీ ఎక్కడో పడిపోయింది, జుట్టంతా చెదిరిపోయింది, మొహం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగిపోతోంది.

"అబ్బ! ఏం బండి అత్తయ్యా!" అని అరిచి, కానిస్టేబుల్‌ని చూసి సర్దుకుంది. "అంటే... ఎంత ప్రమాదమో పరీక్షించాను."

"మరి ఏం చెయ్యమంటారు మేడం?" అడిగాడు కానిస్టేబుల్, నేల చూపులు చూస్తూ.

కోడలు బండి దిగి స్టాండు వేసింది. "పొద్దున నేనేం చెప్పాను? ఎవరొచ్చినా సరే అన్నానుగా. రాయి."

అత్తగారు జీపు దిగివచ్చి, కోడలి జుట్టు సవరించి, పక్కనే నిలబడ్డారు. ఎలుగుబంటి తిరుగుతోందన్న కబురు విని ఊళ్ళో కుర్రాళ్ళెవరూ ఇళ్ళలోంచి బళ్ళు బయటికి తియ్యలేదు. దాంతో ఆ రోజు తనిఖీలో పట్టుబడింది మొత్తం ఒకే ఒక్క బండి, కాకపోతే రెండుసార్లు.