బావగారు కారెక్కలేదు

తెల్లవారగానే గోదావరి గట్టు దాకా నడిచి వెళ్ళాలి. అక్కడ కాసేపు గాలి పీల్చుకుని, మళ్ళీ నడిచి ఇంటికి రావాలి. నాగేశ్వరప్రసాద్ వేసుకున్న పథకం ఇంతే. కొవ్వూరులో పుట్టి పెరిగిన మనిషికి గట్టు దాకా నడవడం పెద్ద సాహసమేమీ కాదు. కాకపోతే ఆయన స్టీలు సామాన్ల కొట్టులో గల్లాపెట్టె ముందు కూర్చుని సగం జీవితం గడిపేశాడు. ఇంటినుంచి కొట్టుకు స్కూటరు, కొట్టునుంచి ఇంటికి స్కూటరు. తనకు కాళ్ళున్నాయన్న సంగతి ఆయనకు చెప్పులు కొనేటప్పుడు మాత్రమే గుర్తొచ్చేది.

ఆ సంగతిని పదిమందిలో గుర్తు చేసింది కూతురు సాయిప్రసన్న నిశ్చితార్థం. తాంబూలాలు మార్చుకోవడానికి ఆయన పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. బ్రహ్మాండంగా కూర్చున్నాడు. పంతులుగారు ఇక లేవమన్నప్పుడే చిక్కొచ్చింది. ఇద్దరు మేనల్లుళ్ళు వచ్చి చెరో రెక్కా పట్టుకుని, బావిలో పడ్డ బిందెను లాగినట్టు పైకి లాగారు. వీడియో తీసేవాడు ఆ ఘట్టాన్ని వదల్లేదు సరికదా, దాని వెనక సన్నాయి కూడా కలిపాడు. ఆ రోజు వియ్యంకుడు సుధాకర్ మాత్రం పీటా వద్దు, చాపా వద్దని కుర్చీ తెప్పించుకుని, అందులోంచి కదల్లేదు. "మగపెళ్ళివారి బిగువు చూశారా!" అని ఆడపెళ్ళివారు మూలన చేరి మూతులు తిప్పుకున్నారు.

పెళ్ళి నెలలోకి వచ్చేసింది. కన్యాదానానికి మళ్ళీ పీట మీద కూర్చోవాలి, అల్లుడి కాళ్ళు కడగాలి, లేవాలి. ఒక్కగానొక్క కూతురి పెళ్ళిలో ఎవరి సాయం లేకుండా తనంతట తాను లేవాలి. నాగేశ్వరప్రసాద్ కోరికల్లా అదొక్కటే. డాక్టరు దగ్గరికి వెళితే ఆయన మోకాళ్ళు నొక్కి చూసి, "రోగమేం లేదండి, వాడకం లేదు, అంతే. మెల్లగా నడవడం మొదలెట్టండి" అన్నాడు. నాగేశ్వరప్రసాద్ వెంటనే తెల్ల బూట్లు కొన్నాడు. భార్య అన్నపూర్ణమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పెళ్ళికూతురి తండ్రికి మోకాళ్ళు పని చేయడం లేదని మగపెళ్ళివారికి తెలిస్తే పరువేం కాను?

మొదటి రోజు వీధి మలుపు కూడా దాటలేదు. ఆటో లోవరాజు సడన్ బ్రేకు వేసి కిందికి దూకాడు.

"ఏంటండి బాబూ, నడిచెళ్తన్నారేంటండి? స్కూటరేమైందండి?"

"ఏం కాలేదురా. ఊరికే, అలా గట్టు దాకా."

"గట్టు దాకానా! మీరు నడుస్తుంటే నేను ఖాళీ ఆటో ఏసుకెళ్తే జనం నన్నేమంటారండి? ఎక్కండి, ఎక్కండి!"

ఎక్కక తప్పింది కాదు. గట్టు దగ్గర దిగగానే పాపాయమ్మ తన టిఫిను బండి దగ్గరనుంచి పిలిచి, పొద్దున్నే ఉట్టి కడుపుతో తిరిగితే కళ్ళు తిరుగుతాయంటూ ఉప్మా పెసరట్టు పెట్టింది. తిరుగుదారిలో చేపల చెరువుల రైతు భీమరాజు మోటారు సైకిలు ఆపి ఎక్కించుకుని, కాఫీ తాగితే గానీ వదలనని తన ఇంటికి తీసుకెళ్ళాడు. బండి ఉన్న మనిషి నడిచి వెళుతుంటే చూస్తూ ఊరుకోవడం ఆ ప్రాంతంలో మర్యాద అనిపించుకోదు. వారం తిరిగేసరికి నాగేశ్వరప్రసాద్ బూట్లకు మట్టి అంటలేదు గానీ, నడుముకు బెల్టు చాలకుండా పోయింది.

"నడక బాగా ఒంటికి పట్టినట్టుందే" అంది అన్నపూర్ణమ్మ బెల్టు వంక చూసి. "ఇలా కాదు గానీ, నా మీద ఒట్టు వేయండి. రేపటినుంచి ఎవరు పిలిచినా బండెక్కనని."

"ఎవరు పిలిచినా?"

"సాక్షాత్తూ దేవుడే రథమేసుకొచ్చి పిలిచినా సరే."

నాగేశ్వరప్రసాద్ భార్య నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు.

మర్నాడు దేవుడు రాలేదు, వియ్యంకుడు వచ్చాడు. రథం మాత్రం కొత్తది. సుధాకర్ పెళ్ళి కోసం కొన్న కారు అది. మనిషెత్తున నల్లగా నిగనిగలాడుతోంది. ముందు అద్దం మీద పసుపు కుంకుమలు, కింద నిమ్మకాయలూ మిరపకాయలూ, చక్రానికి అప్పుడే కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు. గుడి దగ్గర పూజ చేయించి అట్నుంచి అటే వస్తున్నాడు. వెనక సీట్లో ఆయన భార్య శ్యామలాంబ పూలపళ్ళెం పట్టుకుని కూర్చుంది.

"బావగారూ! మీ ఇంటికే బయల్దేరాం. కొత్త కారులో మొదట మిమ్మల్నే ఎక్కించుకోవాలని మీ చెల్లెమ్మ ముచ్చటండి. రండి, ముందు సీటు మీదే!"

నాగేశ్వరప్రసాద్‌కు చెమటలు పట్టాయి. ఎక్కితే భార్య నెత్తిన ఒట్టు. కారణం చెబితే మోకాళ్ళ సంగతి బయటపడుతుంది.

"నేను ఎక్కకూడదండి, బావగారూ."

"ఎక్కకూడదా? అదేంటండి?"

"ఒట్టు వేశానండి" అనేసి, మారుమాటకు తావివ్వకుండా ముందుకు నడిచాడు. ఆ కంగారులో ఎప్పుడూ లేనంత చురుగ్గా నడిచాడు. డాక్టరు చూసి ఉంటే సంతోషించేవాడు. సుధాకర్ చూశాడు, సంతోషించలేదు.

కారు వెనక్కి తిప్పుకుని తమ ఇల్లు చేరేలోపే శ్యామలాంబ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మన కారు ఎక్కనని ఒట్టు వేసుకునేంత తప్పు ఏం చేశామని ఆలోచించి, ఆలోచించి, చివరికి అన్నపూర్ణమ్మకు ఫోను చేసింది.

"వదినగారూ, అన్నయ్యగారు మా కారు ఎక్కనన్నారండి."

అన్నపూర్ణమ్మ పొయ్యి మీద పోపు వేసి ఉంది. భర్త తన మాట నిలబెట్టుకున్నాడన్న ఆనందంలో ఆమెకు మరేమీ తోచలేదు.

"ఎక్కనన్నారా! నిజంగానా? అమ్మయ్య! నేనేనండి ఎక్కొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఉండండి వదినగారూ, పోపు మాడిపోతోంది" అని ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత కథ ఆమె చేతుల్లో లేదు. సుధాకర్ కారు ఆపినప్పుడు పాపాయమ్మ అక్కడికి దగ్గర్లోనే ఉంది. ఆవిడ అట్లు తిరగేస్తూ చెప్పిన దాని ప్రకారం, నల్ల కారు కీడని ఆడపెళ్ళివారి సిద్ధాంతిగారు అన్నారు. లోవరాజు ఆటో రైలు స్టేషన్ చేరేసరికి ఆ కారు అంతకుముందు యాక్సిడెంట్ అయిన బండని తేలింది. మధ్యాహ్నానికి భీమరాజు చెవిన పడేటప్పటికి సంబంధమే చెడిపోయింది. చెడిన సంబంధాలు కలపడమంటే భీమరాజుకు చేపలు పట్టడం కన్నా ఇష్టం. సాయంత్రానికల్లా రెండు కుటుంబాలనూ తన ఇంటికి పిలిపించాడు.

భీమరాజు ఇంట్లో కుర్చీలకు కొదవ లేదు. కానీ రాజీకి కూర్చునేవాళ్ళలో ఒకరు ఎత్తులో, ఒకరు పల్లంలో ఉండకూడదన్నది ఆయన సిద్ధాంతం. అందుకని హాలంతా జంపఖానా పరిచాడు. సుధాకర్ దాని వంక చూసి ఒక్క క్షణం తటపటాయించాడు. కానీ ఇప్పుడు కుర్చీ అడిగితే బిగువంటారని పళ్ళు బిగించి కూర్చున్నాడు. ఎదురుగా నాగేశ్వరప్రసాద్ కూర్చున్నాడు. పెళ్ళికొడుకు నిరంజన్, సాయిప్రసన్న చెరో గోడకూ ఆనుకుని, పెద్దవాళ్ళకు కనపడకుండా ఒకరికొకరు మెసేజీలు పెట్టుకుంటున్నారు. చూస్తూ చూస్తూ పిల్ల కళ్ళు ఎర్రబడ్డాయి.

"దీనికి పెద్ద పంచాయితీ అక్కర్లేదండి" అన్నాడు భీమరాజు. "కారు బయటే ఉంది. ప్రసాదుగారు లేచి, వెళ్ళి, ఎక్కి, సెంటరు దాకా ఒక్క రౌండు వేసొస్తే సరిపోద్ది."

"ఆయనేం చేస్తారండి, ఒట్టు వేయించింది నేను" అంది అన్నపూర్ణమ్మ. పొద్దున తను ఫోనులో అన్న మాట ఎంత దూరం పోయిందో అప్పటికి ఆమెకు తెలిసింది. "ఇంద, ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను. మీరు లేవండి."

నాగేశ్వరప్రసాద్ లేవలేదు.

"నాన్నా, లే నాన్నా" అంది సాయిప్రసన్న.

ఆయన లేవడానికి పడుతున్న పాట్లు పంచె లోపలే జరుగుతున్నాయి. పైకి మాత్రం మొండిగా భీష్మించుకు కూర్చున్న మనిషిలాగే కనిపిస్తున్నాడు. ఎడమ కాలు తిమ్మిరెక్కింది, కుడి కాలు ఉందో లేదో తెలియడం లేదు. సుధాకర్ ముఖం జేవురించింది.

"చూశారుగా భీమరాజుగారూ! ఒట్టు తీసేసినా ఎక్కరట. అంటే మా మొహాలే నచ్చలేదన్నమాట. ఇంకా ఇక్కడ మనకేం పనుంది? శ్యామలా, లే! నిరంజన్, పద! ఈ సంబంధానికో దణ్ణం!"

శ్యామలాంబ కళ్ళొత్తుకుంటూ లేచింది. నిరంజన్ కాళ్ళీడ్చుకుంటూ గుమ్మం దాకా వెళ్ళాడు. ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు. సుధాకర్ ఇంకా జంపఖానా మీదే ఉన్నాడు.

"మీరూ రండి మరి" అంది శ్యామలాంబ.

"వస్తాను. కోపం కాస్త చల్లారనీ."

అప్పుడు చూశాడు నాగేశ్వరప్రసాద్. వియ్యంకుడి కుడి అరచెయ్యి జంపఖానాను నొక్కుతోంది. మెడ నరాలు ఉబ్బాయి. మనిషి జానెడు పైకి లేచి మళ్ళీ మెత్తగా కూలబడ్డాడు. ఆ నొక్కుడు ఎలాంటిదో నాగేశ్వరప్రసాద్‌కు తెలిసినంతగా ఆ గదిలో మరెవరికీ తెలియదు. ఆయన గుండెలో గూడు కట్టుకున్న భయమంతా ఒక్కసారిగా కరిగిపోయింది.

"బావగారూ" అన్నాడు మెల్లగా ముందుకు వంగి. "కుడి మోకాలా, ఎడమ మోకాలా?"

సుధాకర్ చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "రెండూనండి" అన్నాడు.

ఇక దాచేదేముంది! నాగేశ్వరప్రసాద్ పీట సంగతి, బూట్ల సంగతి, ఉప్మా పెసరట్టు సంగతి మొత్తం చెప్పేశాడు. సుధాకర్ కూడా బయటపడ్డాడు. నిశ్చితార్థం నాడు కుర్చీ అడిగింది బిగువుతో కాదట, కింద కూర్చుంటే లేవలేననే భయంతోనట. "ఇంత ఎత్తు కారెందుకు కొన్నాననుకున్నారండి? పాత కారులో కూలబడితే దిగడానికి ఇద్దరు మనుషులు కావాల్సొచ్చేది!" అన్నాడు. ముందుగా నవ్వింది సాయిప్రసన్నే. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూ వచ్చి మామగారి ఒక రెక్క పట్టుకుంది. నిరంజన్ పరుగున వచ్చి తన మామగారి రెక్క పట్టుకున్నాడు. వియ్యంకులిద్దరినీ లేవదీయడానికి చివరికి భీమరాజు కూడా ఒక చెయ్యి వేయాల్సి వచ్చింది.

మర్నాటినుంచి ఇద్దరూ కలిసి నడిచారు. మొదట వీధి చివరి దాకా, కాళ్ళు ఒప్పుకున్నాక గుడి దాకా, తర్వాత గట్టు దాకా. నొప్పి చేస్తే అరుగు మీద కూర్చుని పెళ్ళి వంటల గురించి మాట్లాడుకున్నారు. వర్షం వచ్చిన రోజు మానేశారు, మానేసినందుకు బాధపడలేదు. లోవరాజు ఆటో ఆపినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి దణ్ణం పెట్టేవారు. పాపాయమ్మ పెసరట్టుకు మాత్రం దణ్ణం పెట్టలేకపోయారు గానీ, ఒకటి తీసుకుని చెరి సగం చేసుకున్నారు. కొత్త కారులో మొదటి సవారీ వియ్యపురాళ్ళకు దక్కింది. వాళ్ళు వంతెన దాటి రాజమండ్రి వెళ్ళి, పట్టుచీరలు కొనుక్కుని పొద్దుపోయి వచ్చారు.

పెళ్ళి రోజు రానే వచ్చింది. పంచాయితీ సంగతి ఊరందరికీ తెలుసు కనుక, కన్యాదానం వేళకు జనమంతా వధూవరుల్ని వదిలేసి పీట వంక చూడటం మొదలుపెట్టారు. నాగేశ్వరప్రసాద్ అల్లుడి కాళ్ళు కడిగాడు, ధార పోశాడు. పంతులుగారు ఇక లేవమన్నారు. మేనల్లుళ్ళు ముందుకు వచ్చారు. వద్దని చెయ్యి ఊపి, ఒక అరచెయ్యి నేలకు ఆనించి, ఒక్క మూలుగు మూలిగి, నిటారుగా లేచి నిలబడ్డాడు.

ముందు వరసలో పీట మీదే కూర్చున్న సుధాకర్ "శభాష్ బావగారూ!" అని అరుస్తూ తనూ దిగ్గున లేచాడు. హాలు హాలంతా లేచింది. ఆ హోరు విని తాళి కట్టేశారనుకుని మేళగాళ్ళు గట్టిమేళం మొదలెట్టారు. మేళం విన్న ఆరువందల మంది తమ చేతుల్లో ఉన్న అక్షింతలన్నీ నాగేశ్వరప్రసాద్ నెత్తిన కుమ్మరించారు. ఆయన చెమర్చిన కళ్ళతో అల్లుడి పక్కనే నిలబడి అందరికీ నమస్కారం పెట్టాడు.

ఆ తర్వాత నిరంజన్ అసలు తాళి కట్టినప్పుడు ఎవరి దగ్గరా అక్షింతలు మిగల్లేదు గనుక, అందరూ చప్పట్లు కొట్టి సరిపెట్టారు.