సెట్టులో గడ్డపోడు

గడ్డపోడు కనిపించకుండా పోయింది డిసెంబరు రెండో శనివారం, పొద్దున తొమ్మిదింటికి. రూబెన్ సారుకు ఆ గంట బాగా గుర్తుంది. సరిగ్గా అప్పుడే రజిని కుట్టుమిషను ఆపి, "ఏందప్పా, కాలుగాలిన పిల్లి మాదిరి ఇల్లంతా తిరగతాండావు?" అని అడిగింది.

"ఏం లే. చాక్‌పీసు పడిపోయింది."

"ఇంట్లో చాక్‌పీసు దేనికి?"

ఇరవై ఏండ్లుగా పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నా, భార్య అడిగే రెండో ప్రశ్నకు జవాబు ఆయనకు ఏనాడూ దొరకలేదు. మొదటి ప్రశ్నకు అబద్ధం చెప్పడం తేలిక. రెండో ప్రశ్న దగ్గరే బోర్లాపడేవాడు. ఇప్పుడు బోర్లాపడే మంచం కిందికి దూరాడు.

సారు ఉద్యోగం జమ్మలమడుగులో, కాపురం ప్రొద్దుటూరులో. రోజూ బస్సులో పోయి వచ్చే నెమ్మదైన మనిషి. గట్టిగా దగ్గితే పక్కవాళ్లు ఉలిక్కిపడతారేమోనని చేయి అడ్డం పెట్టుకుంటాడు. అలాంటి మనిషికి ఇనప బీరువా అడుగు అరలో ఒక సైన్యం ఉంది.

వేలెడంత బొమ్మలు. చుక్కల మధ్య ఓడలు నడిపే వీరులు. చేతులు కదులుతాయి, మోకాళ్లు మడుచుకుంటాయి, తలలు తిరుగుతాయి. వీటిని ఒక్కొక్కటిగా అమ్మరు, సెట్టుగానే అమ్ముతారు. అయిదుగురి సెట్టు ఒకటి, ఆరుగురిది ఒకటి, ఎనమండుగురిది ఒకటి, అన్నిటికీ పెద్దది పన్నెండుగురిది. మొత్తం ముప్ఫై ఒక్కరు. ఎవరి గూడు వాళ్లది, ఎవరి తుపాకీ వాళ్లది.

డబ్బా మీద ఉన్న ఇంగ్లీషు పేర్లు సారుకు నోరు తిరగలేదు. తనే పేర్లు పెట్టుకున్నాడు. హెల్మెట్ తీయని కెప్టెన్ హెడ్మాస్టరు. మెడ లేని రోబో ఎంఈఓ, ఎందుకంటే ఏమడిగినా తల ఊపడు. నాలుగు చెవుల ఆకుపచ్చ మనిషి పక్కింటి ఖాజాబీ. ఒంటికన్నుతో ఒకేచోట గుచ్చి చూసేది అత్తగారు తిరుపాలమ్మ. ఈ చివరి పేరు ఆయన మనసులో తప్ప బయట ఎన్నడూ పలకలేదు.

పన్నెండోవాడు గడ్డపోడు. నెరిసిన గడ్డం, నిలువెత్తు అంగీ, వీపున గాలి సిలిండరు, కాళ్లకు మంటలు చిమ్మే వెండి బూట్లు, చేతిలో చిన్న పెట్టె. ఆ పెట్టెలో చుక్కల దారులు ఉంటాయట. దారి తప్పిన ఓడకు తోవ చెప్పేది అతనే.

ఆ పేరు పెట్టింది మాత్రం సారు కాదు, ఇమ్తియాజ్. చిన్నప్పుడు జమ్మలమడుగు బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. పెద్దయ్యాక ఒకరు ఆ ఊరికే టీచరుగా వచ్చారు, ఒకరు కువైట్‌లో డ్రైవరుగా కుదిరారు. సెలవుకు వచ్చినప్పుడల్లా ఇమ్తియాజ్ ఒక సెట్టు తెచ్చేవాడు. నాలుగో సెట్టు ఇస్తూ, "ఈ గడ్డపోడు నేననుకో రా. నేను ఆడున్యా ఈడున్నట్లే" అన్నాడు. అదే ఆయన చివరి సెలవు. పోయిన ఏడు కువైట్ నుంచి ఆయన రాలేదు, ఆయన్ని తీసుకొచ్చారు.

ఇంట్లో ఈ సైన్యం సంగతి తెలియకుండా ఉండడానికి, పదకొండేండ్ల కిందట మొదటి సెట్టు వచ్చిన రోజే సారు ఒక మాట చెప్పాడు. "ఇవి గవర్నమెంటువి రజినీ. టీఎల్‌ఎం. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు చూపించే సామాన్లు."

"బీరువాలో పెట్టుకొని ఎవరికి చూపిస్తావు?"

ఇదీ రెండో ప్రశ్నే. జవాబు నేటికీ పెండింగులో ఉంది.

ఆ శనివారం ఆయన బీరువా తెరవడానికి కారణం, పులివెందుల నుంచి వచ్చిన ఫోను. చేసింది ఇమ్తియాజ్ తమ్ముడు వలి బాషా. అన్న పోయినాక వదిన యాస్మిన్ వాళ్ల దగ్గరే ఉంది.

"అన్నా, వదిన ఆ పన్నెండుగురి సెట్టు ఒకసారి చూడాలంటాంది. అండ్లో మా అన్న ఉండాడంట గదా."

"తెస్తా వలీ. క్రిస్మస్ లోపల నేనే తెస్తా" అని మాట ఇచ్చి, డబ్బా తెరిస్తే పదకొండుగురే ఉన్నారు. పన్నెండో గూడు ఖాళీ.

మంచం కింద లేడు. బీరువా వెనక లేడు. సారు మిద్దె మీదికి పోయి, గొంతు తగ్గించి వలి బాషాకు ఫోన్ చేశాడు. గొంతు తగ్గిస్తే చాలు, పక్క మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తున్న ఖాజాబీకి నాలుగు చెవులూ మొలుస్తాయని ఆ తొందరలో మరిచిపోయాడు.

"సెట్టులో ఒకటి పోయింది వలీ. అది ల్యాకుంటే సెట్టుకు ఇలువ యాడిది? పదకొండేండ్లుగా రజినికి తెలీకుండా దాచుకుంటా వచ్చినా. ఇప్పుడెట్ల చెప్పేది?"

ప్రొద్దుటూరులో సెట్టు అంటే ఒకటే సెట్టు. వీధికి పది బంగారంగళ్లు ఉన్న ఊరది. ఆ ఊళ్లో మొగుడు పెండ్లానికి తెలియకుండా సెట్టు దాచాడంటే, దాని అర్థం వెతకడానికి నిఘంటువు తెరవనక్కరలేదు. పైగా నెలాఖరుకు వాళ్ల పెండ్లయి ఇరవై ఐదేండ్లు.

సారు మెట్లు దిగేలోగా ఖాజాబీ వాకిట్లో ఉంది.

"రజినక్కా, నీ మొగుడు బంగారమక్కా! పదకొండేండ్ల నుంచి కూడబెట్టి నీకు సెట్టు చేపిచ్చినాడంట! పాపం, అండ్లో ఒకటి పోయిందని మిద్దె మీద ఏడుస్తాండాడు!"

రజిని కత్తెర కింద పెట్టి మొగుణ్ని చూసింది. ఆ చూపులో ఏముందో సారుకు అంతుపట్టలేదు. ఒళ్లో ఉన్న ఆకుపచ్చ జరీ ముక్కను మాత్రం చీర కొంగుతో కప్పుకుంది.

"నిజమేనా అప్పా?"

ఇక్కడ నిజం చెప్పి ఉంటే కథ అయిపోయేది. అయితే గడపలో ఖాజాబీ నిలబడి, "మా ఆయనా ఉండాడు, ఎందుకూ?" అని నిట్టూరుస్తోంది. ఇరవై ఐదేండ్లలో మొదటిసారి ఒక మనిషి సారును మెచ్చుకోలుగా చూస్తోంది. ఆయన ఛాతీ దానంతటదే రెండంగుళాలు ముందుకు వచ్చింది.

"నిజమే" అన్నాడు.

"ఏది పోయింది?"

"పన్నెండోది."

"అల్లా! సెట్టులో పన్నెండుండాయా!" అని ఖాజాబీ గడపలోనే కూలబడింది.

"ఏమేముండాయప్పా పన్నెండు?" రజిని నెమ్మదిగా అడిగింది.

సారు వేళ్లు లెక్కపెట్టాడు. హారం, కమ్మలు, మాటీలు, గాజులు, వంకీ, ఉంగరం. అక్కడితో తెలిసిన నగలు అయిపోయాయి. ఇంకా ఆరు కావాలి. "వడ్డాణం" అన్నాడు. అన్నాక తనే భయపడ్డాడు.

"వడ్డాణమా! అయితే నా నడుం కొలత యాడిదప్పా నీకు?"

రెండో ప్రశ్న. సారు చాక్‌పీసు వెతకడానికి మళ్లీ మంచం కిందికి పోయాడు.

మధ్యాహ్నానికి వీధంతా చీపుళ్లు పట్టింది. మురికి కాలువలో కట్టెలు పెట్టి కెలికారు. బియ్యం డబ్బా ఒంపి జల్లెడ పట్టారు. "ఎట్లుంటాది సారూ అది?" అని అడిగినవాళ్లకు "వేలెడంత" అన్నాడు సారు. ఒకటైనా నిజం చెప్పానని తృప్తిపడ్డాడు.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు పోయిన వస్తువు కోసం ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలో, భార్యను ఇంతగా ప్రేమించే భర్తను ఇచ్చినందుకు స్తోత్రం కూడా కలిపారు. ఆడవాళ్ల వరసలో రజిని తల వంచుకుని ఉంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందని సారు అనుకున్నాడు. ఆయన కండ్లూ చెమర్చాయి.

సోమవారం కమలాపురం నుంచి తిరుపాలమ్మ బస్సు దిగింది. "అల్లుడా, వడ్డాణం ఒక్కసారి కట్టుకొని ఇచ్చేస్తా" అంది.

"బ్యాంకు లాకర్లో ఉంది అత్తా."

"ఏ బ్యాంకు?"

రెండో ప్రశ్న అడగడం ఈ ఇంటి ఆడవాళ్లకు వంశపారంపర్యం.

వారం గడిచింది. వలి బాషా తనకు తెలిసిన అంగళ్లన్నీ అడిగాడు. ఆ సెట్టు తయారుచేయడం ఎప్పుడో ఆపేశారట, విడిగా ఒక్కటీ దొరకదట. "వదిన ఎప్పుడొస్తావని అడగతాంది అన్నా" అన్నాడు. సారు "వస్తా" అన్నాడు. పదకొండుగురిని గూళ్లలో సర్దాడు, మళ్లీ తీశాడు, మళ్లీ సర్దాడు. ఎలా సర్దినా ఆ గూడే ముందు కనబడుతోంది.

క్రిస్మస్‌కు ముందు ఆదివారం చర్చిలో, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మల కొలువుకు తెర తీశారు. ఏటా సండే స్కూలు తరఫున ఆ పాక కట్టేది రజినే. ఈసారి దాన్ని గండికోట లోయలో కట్టింది. ఎర్రని అట్టలతో నిలువు కొండలు, నీలం లైనింగు గుడ్డతో పెన్న. కొండ అంచు మీద మేకలు, లోయలో పాక, పైన దారానికి చుక్క. చూసినవాళ్లంతా "మన గండికోటే, మన గండికోటే" అన్నారు. రజిని మొగుడిగా సారు ఆ పొగడ్తలన్నీ నమస్కారం పెట్టి మరీ అందుకుంటున్నాడు.

అలా అందుకుంటూ, చుక్కను చూసి తూర్పుదేశం నుంచి బాలయేసు దగ్గరికి వచ్చిన ముగ్గురు జ్ఞానులు లోయలోకి దిగుతుండడం చూశాడు. ముందు ఇద్దరూ మిషన్ దొరసాని కాలం నాటి మట్టిబొమ్మలు. మూడోవాడు కొత్త. ఆకుపచ్చ జరీ అంగీ, తలపాగా, చేతిలో సాంబ్రాణి పెట్టె. వీపు మీద అంగీ కింద గాలి సిలిండరు ఉబ్బు. అంగీ అంచు కింద వెండి బూట్లు, వాటి నుంచి ఎర్రగా మంటలు. ముఖాన నెరిసిన గడ్డం.

"ఇమ్తియాజ్!" అని సారు అరిచాడు.

పాట ఆగింది. చర్చి పెద్ద సామ్యూల్ గారు కండ్లద్దాలు సర్దుకున్నారు. "జ్ఞానుల్లో ఇమ్తియాజ్ ఎవురప్పా?"

రజిని తొణక్కుండా ముందుకొచ్చింది. "పాత జ్ఞాని తల ఇరిగిపోయింది పెద్దయ్యా. మా ఇంట్లో బీరువాలో ఖాళీగా ఒకాయన ఉంటే తెచ్చి నిలబెట్టినా."

"చెప్పకుండా ఎట్ల తెస్తావు?" అన్నాడు సారు.

"గవర్నమెంటు సామాన్లంటివి గదప్పా. గవర్నమెంటుది పదిమందికీ పనికి రావల్ల గదా?"

"మరి వారం నుంచి కాలవలు కెలకతాంటే..."

"నువ్వు వెతికింది బంగారం గదా? నేనెత్తుకొచ్చింది ప్లాస్టిక్కాయె. రెంటికీ ఏం సమ్మంధం?"

రజిని ఆయన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"మొదటి సెట్టు తెచ్చిన రోజే ఇమ్తియాజన్న నాకు చెప్పినాడు. వాడు దాచుకుంటాడు చెల్లీ, దాచుకోనీ, వానికి అదొక సంతోషం అన్నాడు. పదకొండేండ్లుగా దుమ్ము తుడుస్తాండేది నేనే. నీ బ్రష్షుకు వాటి చంకల్లో దుమ్ము పోతాదనుకున్యావా?"

పదకొండేండ్ల రహస్యం. దాన్ని దాచింది ఇద్దరట, తెలియనివాడు తానొక్కడేనట. సారుకు నవ్వాలో ఏడవాలో తోచలేదు. గడ్డపోణ్ని చూస్తే, వాడు మాత్రం పెట్టె పట్టుకుని తోవ చూసుకుంటున్నాడు.

సామ్యూల్ గారికి ఇంకా అనుమానం తీరలేదు. "యాడి నుంచి తెప్పించినారమ్మా ఈ జ్ఞానిని?"

"కువైట్ నుంచి పెద్దయ్యా."

"అది పడమర గదా! తూర్పుదేశపు జ్ఞాని అని ఎట్లంటాము?"

అప్పుడు రూబెన్ సారు గొంతు సవరించుకున్నాడు. నోటికి చేయి అడ్డం పెట్టుకోకుండా, చర్చి అంతా వినేటట్టు చెప్పాడు. "కువైట్ మనకు పడమర పెద్దయ్యా. బెత్లెహేముకు తూర్పు. ఆ ఇద్దరు జ్ఞానులూ దొరసానితో ఇంగ్లండు నుంచి వచ్చినారు. ఈ పాకలో నిజంగా తూర్పు నుంచి వచ్చినోడు ఈయనొక్కడే."

సామ్యూల్ గారు పాక ముందు వంగి, మూడో జ్ఞానిని కొంచెం ముందుకు జరిపి, అందరికంటే మొదట నిలబెట్టారు. సారు ఛాతీ ఈసారి ఏ అబద్ధం సాయమూ లేకుండా ముందుకొచ్చింది.

అది ఎంతోసేపు నిలవలేదు. వెనక నుంచి ఖాజాబీ గొంతు వినిపించింది. పాక చూడడానికి వీధి వీధంతా వచ్చింది. "రజినక్కా, ఇంతకీ ఆ పన్నెండోది దొరికిందా?"

"దొరికింది ఖాజాబీ. ఇంగ పన్నెండూ ఉండాయి. పెండ్లి రోజు పెట్టుకొని చూపిస్తా" అని రజిని మొగుడి వైపు తిరిగింది. "ఏమప్పా? సంఘమంతా స్తోత్రం చెప్పింది. దేవుని ముందర అబద్ధమైపోకూడదు గదా?"

బయటికి వచ్చాక సారు నేల చూపులు చూస్తూ, "కమ్మలతో మొదలుపెడదామా?" అన్నాడు.

"మొదలుపెట్టు. వడ్డాణం దాకా నేనేం తొందరపడను."

"గడ్డపోణ్ని ఒక్క పూట ఇస్తే, పులివెందులకు తీసకపోయి యాస్మిన్‌కు చూపించి..."

"జనవరి మొదటి వారం దాకా ఆయన పాక వదలడు. ఆమెనే పిలువప్పా. అందరికంటే ముందర నిలబడినాడు. వచ్చి చూడనీ."

సారు సరేనన్నాడు. రజినికి పెండ్లి రోజున కమ్మలు వచ్చాయి. మిగతా పదకొండూ రావాలి. గడ్డపోడు పాక ముందు నిలబడే ఉన్నాడు. యాస్మిన్‌ను రమ్మని పులివెందులకు చేయాల్సిన ఫోన్ మాత్రం, రెండో ప్రశ్నకు జవాబులాగే, ఇంకా పెండింగులో ఉంది.