నిట్టూర్పుతో సహా

ఆ రోజు పొద్దున్నే ఫ్రెంచి పంతులమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. ఇంట్లోవాళ్లు లేవకముందే సామాన్ల గదిలో తలుపేసుకుని, గొడుగు పోగొట్టుకున్న బాతు కథను ఫోనులో రికార్డు చేసి, ఆరో తరగతి పిల్లల తల్లిదండ్రులకు పంపేయాలి. పిల్లలు సాయంత్రం బొమ్మల పుస్తకం ముందేసుకుని వింటారు. ఆమె పద్ధతి అది. ముందు వినాలి, తర్వాత చదవాలి, మాటలు వాటంతట అవే వచ్చినప్పుడు రావాలి. ఎవరైనా తొందరపెడితే, పసిపిల్లలు ఉయ్యాల్లోంచి ఉపన్యాసాలిస్తున్నారా అని అడుగుతుంది.

కానీ ఇంట్లోవాళ్లు లేచారు. బాతు గుమ్మం దాటేలోపు భర్త తువ్వాలు ఎక్కడుందని అరిచాడు. బాతు చెరువు చేరేలోపు అత్తగారు కళ్లజోడు కనపడటం లేదని తలుపు బాదింది. ఆమె ప్రతిసారీ రికార్డింగు ఆపి, వెళ్లి, వెతికిచ్చి వచ్చి, మళ్లీ మొదలుపెట్టింది. మొదలుపెట్టే ముందు ఓ నిట్టూర్పు. గుండె అడుగు నుంచి లేచి, "ఉస్స్..." అంటూ బయటపడే రకం. కథ పూర్తయ్యేసరికి రికార్డింగులో వాక్యానికో నిట్టూర్పు పడింది. బడి తెరిచినప్పటి నుంచీ ఆమె పంపిన కథలన్నీ ఇలా తయారైనవే. తరగతిలో చదివినా ఇదే వరస. ఆ సంగతి ఆమెకు మాత్రం తెలియదు. ఊపిరి తీసుకుంటున్నామని ఎవరు గమనించుకుంటారు?

పక్క వాటాలో ఉండే పిల్ల కూడా ఆమె తరగతే. మధ్య గోడ ఎంత పలచనంటే, ఇటు చెంచా కింద పడితే అటువాళ్లు వంగి వెతుక్కుంటారు. ఓ సాయంత్రం ఆ పిల్ల ఫ్రెంచి పుస్తకం తెరిచి, సంసారం ఈదినదానిలా నిట్టూర్చి, పేజీ తిప్పి, మళ్లీ నిట్టూర్చింది. తల్లి హడలిపోయి డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. డాక్టరు గుండె విన్నాడు, వీపు తట్టాడు.

"ఇది ఎప్పుడెప్పుడు వస్తుందమ్మా?"

"ఫ్రెంచి చదివేటప్పుడండీ," అంది పిల్ల.

ఆయన మందేమీ రాయలేదు. తల్లి ఈ మాట తల్లిదండ్రుల గ్రూపులో పెట్టింది. తీరా చూస్తే ఇంటింటా ఇదే బాధ. "ఒక్క ముక్క మాట్లాడరు గానీ మూలగడం మాత్రం వచ్చింది" అని ఒకాయన రాశాడు. "పసివాళ్లకి జీవితం మీద విరక్తి పుట్టించేశారు" అని ఇంకొకావిడ వాపోయింది. మర్నాటికల్లా విషయం ప్రిన్సిపాలు బల్ల మీదికి చేరింది.

"పిల్లలు మీ క్లాసులో విసిగిపోతున్నారట మేడమ్," అన్నాడాయన. "సోమవారం కమిటీవాళ్లూ తల్లిదండ్రులూ వచ్చి కూర్చుంటారు. వాళ్లకి నచ్చకపోతే వచ్చే ఏడు ఫ్రెంచి ఉండదు."

"మరి నేనండీ?"

"మీరు చెప్పేది ఫ్రెంచే కదండీ," అన్నాడాయన, కాస్త ఇబ్బందిగానే.

ఆమె ఇంటికొచ్చి కుర్చీలో కూలబడింది. ఉద్యోగం పోతుందన్న భయం ఒకెత్తు. ఇన్నాళ్లూ ఎవరేమన్నా నమ్ముకున్న పద్ధతి తప్పేమోనన్న దిగులు మరొకెత్తు.

"ఏమండీ, నా పాఠం అంత విసుగ్గా ఉంటుందా? పిల్లలంతా నిట్టూరుస్తున్నారట," అని ఆమె పొడుగ్గా నిట్టూర్చింది.

"వాళ్లకెక్కడ అంటుకుందో!" అన్నాడు భర్త పేపరు వెనకనుంచి. "మనింట్లో అయితే ఆ అలవాటు లేదు. పెళ్లయినప్పట్నుంచీ నువ్వు నిట్టూర్చగా నేనొక్కసారీ వినలేదు."

"చలాకీగా చెప్పమ్మా, నవ్వుతూ," అంది అత్తగారు. "నీ మొహం అలా వేలాడుతుంటే పిల్లలకి హుషారెలా వస్తుంది?"

సోమవారం ఆమె మొహాన నవ్వు అతికించుకుని తరగతిలో అడుగుపెట్టింది. వెనక కమిటీ పెద్దలు, వాళ్ల పక్కన తల్లిదండ్రులు, పిల్లల బెంచీల్లో మోకాళ్లు పట్టక అవస్థ పడుతున్నారు. "బొంజూర్!" అని ఆమె గంట మోగించినట్టు పలికింది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆమె చేతులు తిప్పుతూ గలగలా బాతు కథ అందుకుంది. పిల్లలు దేని గురించి వింటే పుస్తకంలో ఆ బొమ్మ మీద వేలు పెట్టాలి. రోజూ చేసే పనే. ఒక్క వేలూ కదల్లేదు. ఆమె ఇంకా హుషారు పెంచింది. ముందు బెంచీ పిల్ల బెదిరి పుస్తకం మూసేసింది. కమిటీ పెద్దాయన గడియారం చూసుకున్నాడు, ప్రిన్సిపాలు నేల చూశాడు.

అయిపోయింది అనుకుందామె. ఇక నవ్వి మాత్రం ఏం లాభం? నవ్వు దించేసి, కుర్చీలో కూర్చుని, గుండె అడుగు నుంచి "ఉస్స్..." అంది.

పుస్తకాలన్నీ టపటపా తెరుచుకున్నాయి. తరగతి మొత్తం ఒక్కసారిగా నిట్టూర్చింది. ఆమె ఇంకా నోరు తెరవనే లేదు, పక్కింటి పిల్ల బాతును ఫ్రెంచిలో గుమ్మం దాటించింది. వెనక బెంచీ పిల్ల నిట్టూర్చి గొడుగు పోయిందంది. అక్కడి నుంచి నిట్టూర్పుకో వాక్యం చొప్పున, గొడుగు బాతు రెక్క కిందే దొరికేదాకా, కథంతా పిల్లలే చెప్పేశారు.

"మరి ఇందాక నోరు పెగల్లేదేమే?" అని అడిగింది పక్కింటి పిల్ల తల్లి.

"ఇందాక ఫ్రెంచి ఎక్కడ మొదలైందమ్మా? మిస్ ముందు ఉస్స్ అంటుంది. అప్పుడు ఫ్రెంచి. ఇందాక చెప్పింది ఏం భాషో మాకెవ్వరికీ తెలీలేదు."

పంతులమ్మకు సంగతి అప్పుడు తలకెక్కింది. ముందు సిగ్గేసింది. ఆ వెంటనే కళ్లు చెమర్చాయి. ఇంట్లో ఇన్నేళ్లుగా ఎవరి చెవినా పడనిదాన్ని ఈ పిల్లలు పొల్లుపోకుండా విన్నారు. ఆమె పద్ధతిలో తప్పేమీ లేదు.

"పలకడం అద్భుతంగా ఉందమ్మా," అన్నాడు కమిటీ పెద్దాయన. "ముఖ్యంగా ఆ ఉస్స్ అనేది. మనవాళ్లకి అంత తేలిగ్గా నోరు తిరగదే, ఎలా నేర్పారు?"

"ఇంటి దగ్గర సాధనండీ," అందామె.

ప్రిన్సిపాలు అక్కడికక్కడే ఏడు, ఎనిమిది తరగతులు కూడా ఆమెకే అప్పగించి, కథలన్నీ ఇంటి దగ్గరే రికార్డు చేయాలని మరీ మరీ చెప్పాడు.

"ఉద్యోగం ఉన్నట్టేనా?" అని అడిగాడు భర్త, ఆమె గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే.

"ఉంది. మూడింతలైంది."

"మంచిదేగా! అవునూ, నా తువ్వాలు ఎక్కడ పెట్టావ్?"

ఆమె సంచీ కింద పెట్టి, గోడకు జారబడి నిట్టూర్చింది.

గోడ అవతల ఎవరో పుస్తకం తెరిచిన చప్పుడైంది.