సలోమి గైర్హాజరు

పొన్నగరువు హైస్కూల్లో ఇకమీదట ఒక్క పిల్ల కూడా ఒక్క పూట కూడా బడి మానదని ఎమ్మెల్యే పెదబాబు గారు ప్రకటించారు. మైకు పట్టుకుని మరీ అన్నారు కాబట్టి జరిగి తీరుతుందని అందరికీ అర్థమైంది. పథకానికి 'నూటికి నూరు' అని పేరు పెట్టారు. పేరు తేలడానికే మూడు మీటింగులు పట్టింది. ఇక మిగిలిన పని సులువే అనుకున్నారు.

పదో తరగతి సలోమికి ఈ పథకం బాగా నచ్చింది. ఆరో తరగతి నుంచి ఆ పిల్ల ఒక్క రోజు బడి మానలేదు. జ్వరం కూడా ఆదివారం చూసుకునే వచ్చేది. వాళ్లమ్మ మార్తమ్మ అల్లవరం వైపు రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. అమ్మ షెడ్డుకి నాగా పెట్టకూడదు, కూతురు బడికి నాగా పెట్టకూడదు, ఇదీ వాళ్లిద్దరి ఒప్పందం.

పథకం సోమవారం మొదలైంది. బడికి రోజూ రావడం ఎంత ముఖ్యమో పిల్లలకు తెలియాలి గనక, ముందుగా వాళ్లను బడి నుంచి బస్సులెక్కించి అమలాపురం సభకు తీసుకెళ్లారు. సలోమి వెళ్లలేదు. మర్నాడు లెక్కల ప్రీఫైనల్, త్రికోణమితి ఇంకా లొంగలేదు. ఖాళీ తరగతిలో పొద్దున తొమ్మిదికి కూర్చుని, ఆ రోజు భోజనం వండలేదు గనక మంచినీళ్లు తాగి, సాయంత్రం దాకా లెక్కలు చేసుకుంది.

మంగళవారం పొద్దున్నే హెడ్మాస్టర్ శరభయ్య గారు పిలిచారు.

"నిన్న నువ్వు ఆబ్సెంటమ్మా సలోమీ."

"నేను బళ్లోనే ఉన్నానండి మాస్టారూ."

"ఆయ్, ఉన్నావు. అటెండరు బుల్లబ్బాయి కూడా చూసేడు. కానీ హాజరు సభ దగ్గర వేసేరు. బళ్లో ఉన్నవాళ్లకి యాప్‌లో ఆప్షన్ లేదమ్మా."

"మరి ఇప్పుడెలాగండి?"

"మనం చేసేదేం లేదు. ఏం చేసినా పైవాళ్లే చెయ్యాలి."

సలోమికి ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో పడ్డ ఒకే ఒక్క ఆబ్సెంటు, అదీ రోజంతా బళ్లో కూర్చున్న రోజు. కళ్లు తుడుచుకుని పరీక్షకు వెళ్లింది.

పైవాళ్లు నిజంగానే చేశారు. రెండు వందల నలభై మందిలో ఒకరు తక్కువ, అంటే 99.58 శాతం. ఆ అంకె చూసి పెదబాబు గారు తింటున్న పెసరట్టు వదిలేసి లేచారు. బడి మానిన పిల్ల ఇంటికి నాయకుడు స్వయంగా వెళ్లి నచ్చజెప్పడం పథకంలో మూడో అంశం. ఐదు కార్లు, ఒక జీపు, ఒక ఫ్లెక్సీ, ఇద్దరు విలేకరులు కాలవ గట్టు మీదుగా బయల్దేరారు. ఇంట్లో ఉండమని కబురు రావడంతో మార్తమ్మ షెడ్డుకి నాగా పెట్టింది.

"అమ్మాయేదమ్మా?" అన్నారు పెదబాబు గారు.

"బడికెళ్లిందండి బాబుగారూ."

ఆయన నొచ్చుకున్నారు. "మేం వస్తన్నామని తెలిసి కూడా వెళ్లిపోయిందా?"

పార్టీ కార్యదర్శి శివ చెవిలో చెప్పాడు. "బడి మానిన పిల్లకి ఇంటి దగ్గరే కౌన్సెలింగ్ ఇవ్వాలండి. ఫోటోలో వెనకాల ఇంటి గుమ్మం కనబడకపోతే యాప్ తీసుకోదండి."

జీపు బడికి వెళ్లింది. సలోమి ఐదో లెక్కలో ఉంది. శివ తరగతి గుమ్మంలో నిలబడి, "బడికి రాని సలోమి ఎవరమ్మా?" అని అడిగాడు. సలోమి చెయ్యెత్తింది.

"ఈ లెక్క అయ్యేదాకా ఆగుతారాండీ?"

"ఎమ్మెల్యే గారు ఎండలో నిలబడ్డారమ్మా. నీ చదువు కోసమే."

శరభయ్య గారు ఆమె చేతిలో పేపరు తీసుకున్నారు. "వచ్చేక రాసుకుందువుగాని, వెళ్లమ్మా" అన్నారు, ఆమె మొహం చూడకుండా.

పెదబాబు గారు సలోమి ఇంటి గుమ్మం ముందు నలభై నిమిషాలు మాట్లాడారు. ఒక్క పూట బడి మానితే జీవితం ఎంత వెనకబడిపోతుందో ఉదాహరణలతో చెప్పారు. సలోమి మనసులో మిగిలిన లెక్కలకు ఎంత టైముందో చూసుకుంటూ నిలబడింది. చివర్లో ఆమెకు శాలువా కప్పారు.

"ఇప్పుడేం చేస్తావమ్మా?"

"బడికెళ్లిపోతానండి. ఇప్పుడే."

పెదబాబు గారి కళ్లు చెమర్చాయి. "చూసేరా? ఒక్క ఉపన్యాసం" అన్నారు. విలేకరులు రాసుకున్నారు. కౌన్సెలింగ్ అయిన పిల్ల హాజరైనట్టే లెక్క గనక, యాప్‌లో అంకె నూరైంది. అందరూ కొబ్బరి బొండాలు తాగారు. తర్వాతి కార్యక్రమం జొన్నాడలో ఉండటంతో కార్లు అటు తిరిగాయి. జీపులోకి ఫ్లెక్సీ ఎక్కించాక సలోమికి చోటు లేకపోయింది.

మూడు కిలోమీటర్లు. కొంత నడిచి, కొంత పరుగెత్తి చేరింది. గేటుకు తాళం వేసి ఉంది. బుల్లబ్బాయి సైకిలు తీస్తున్నాడు.

"పరీక్ష సగంలో ఉందండి బుల్లబ్బాయి గారూ. తాళం తియ్యరా?"

"ఇంకెక్కడి పరీక్షమ్మా. నూరు శాతం వచ్చేసిందని ఫోనొచ్చింది. ఆ సంతోషంలో మూడ్రోజులు సెలవిచ్చేసేరు."

సలోమి గేటు ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ ఉండిపోయింది.

బుల్లబ్బాయికి జాలేసింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇక్కడ నిలబడకమ్మా. సెలవు రోజుల్లో బడి దగ్గర కనబడ్డవాళ్ల పేర్లు కూడా రాసి పంపమన్నారు."