నీళ్లు లేని కాలువకు మూడు పాసులు

ఎర్రకాలువ పొంగి మా చేలన్నీ మునిగిన ఏడాది పోయి, ఆ తరవాతి వేసవిలో ఏలూరును కాలువల నగరంగా ప్రకటించారు. అంతకు ముందు కూడా అక్కడ కాలువలున్నాయి. కృష్ణ నుంచి ఒకటి, గోదావరి నుంచి ఒకటి వచ్చి ఏలూరులోనే కలుస్తాయి. ఎవరూ ప్రకటించకపోవడం వల్ల అవి ఊరి మురుగు మోసుకుంటూ ఊరికే ఉండిపోయాయి.

ప్రకటించినవారు జలవిహార మండలి వారు. మండలి అధ్యక్షులు చలపతిరావు గారు, కార్యదర్శి ఫణికిరణ్ గారు విదేశంలో నీళ్ల మీద కట్టిన ఒక పట్నం చూడడానికి వెళ్లారు. అక్కడ పడవ ఎక్కాలంటే పాసు కొనాలట. ఒక రోజు పాసు చవకా, వారం పాసు చవకా అన్నది తేలక, ఉన్నన్నాళ్లూ హోటల్ గదిలోనే కూర్చుని ఆలోచించి, పడవ ఎక్కకుండానే తిరిగి వచ్చేశారు. మనిషిని అంతగా ఆలోచింపజేసే పద్ధతి మన జిల్లాలో లేదే అని వారికి బాధ కలిగింది.

మాది తాడేపల్లిగూడేనికీ ఏలూరుకీ మధ్య, కాలువ గట్టు మీది ఊరు. రెండో పంట దాళ్వా చేలకు కాలువ నిండుగా పారుతున్న రోజుల్లో ఫణికిరణ్ గారు ప్రజాభిప్రాయం కోసం వచ్చారు.

"మీ ఊరి నుంచి ఏలూరికి పడవ వేస్తే ఎలా ఉంటుందండీ?"

"బాగుంటుందండీ" అంది ఊరు.

మా వైపు ఎవరు ఎలా ఉందని అడిగినా బాగుందనే అంటాం. పెళ్లివారు పప్పులో ఉప్పు మరిచిపోయి అడిగినా బాగుందనే అంటాం. అడిగిన మనిషి మొహం చిన్నబోకూడదు. నేను మాట్లాడే మనిషిని కాను గనక తల ఊపాను. దాన్ని కూడా రాసుకున్నారు.

ఊరంతా పడవే కోరుతోంది గనక బస్సు అనవసరమని మండలి వారు పైకి నివేదించారు. బస్సు ఆగిపోయింది. తరవాత గట్టు రోడ్డు మొదట్లో "ఇది జలమార్గం. చక్రాల వాహనాలకు ప్రవేశం లేదు" అని బోర్డు పాతారు. మా ఊరి ఆటో అబ్దుల్ అలవాటు కొద్దీ ఆ దారిన వెళ్లి, జలమార్గంలో ఆటో నడిపినందుకు జరిమానా కట్టాడు. రసీదు నాకు చూపించి, "బాబాయ్ గారూ, నా ఆటోకి ఈత వచ్చని ఇన్నాళ్లూ నాకే తెలీదండీ" అన్నాడు.

ఇదంతా మామూలుగా జరిగిపోయేదే. కానీ మా ఆవిడ వెంకటనరసమ్మకు కంట్లో శుక్లాలు. కుడి కంటికి కిందటేడు ఆపరేషన్ అయింది. ఎడమ కంటికి ఏలూరులో ఉచిత శిబిరం వాళ్లు తేదీ ఇచ్చారు. పొద్దున్న తొమ్మిదింటికల్లా అక్కడ ఉండాలి. తప్పితే మళ్లీ వచ్చే ఏడాది శిబిరమే. ఆ ఎడమ కంటికి నేను పొగలాగా కనిపిస్తానని అంటుంది. నన్ను ఎక్కువగా ఆ పక్కనే నిలబడమంటుంది కూడా.

పాసుల కోసం వెళ్లాం. పంచాయతీ ఆఫీసు వరండాలో తేజస్వి అనే అమ్మాయి బల్ల వేసుకుని కూర్చుంది. ఎదురుగా మూడు రంగుల పాసులున్నాయి. కలువ, తామర, గూడబాతు.

"మాలాంటి వాళ్లకి ఏది చవకమ్మా?" అంది మా ఆవిడ.

"కలువ పాసండీ. కాకపోతే అందులో రావడమే ఉంటుందండీ. వెళ్లడం ఉండదు."

"వెళ్లకుండా ఎలా వస్తామే తల్లీ?"

"అందుకే చవకండీ."

"పోనీ తామర?"

"అందులో వెళ్లడం ఉంటుందండీ. దిగడం ఉండదు. కూర్చునే ఏలూరు చూడాలి."

"మరి ఆ బాతు పాసు?"

"అందులో అన్నీ ఉంటాయండీ. కొల్లేరు తీసుకెళ్లి పక్షుల్ని కూడా చూపిస్తారు. కానీ అది బయటి జిల్లాల వాళ్లకేనండీ. మీరు చూసిందే చూస్తారు కదా అని మీకు ఇవ్వరు."

"చూసిందే కనపడక కదమ్మా నేను వెళ్తున్నది!"

ఆ అమ్మాయి మంచి పిల్ల. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మామ్మగారూ, ఒక పని చేయండి. కలువా తామరా రెండూ తీసుకోండి. దాంతో వెళ్లండి, దీంతో రండి. అది అయిపోయి ఇది మొదలయ్యే సందులో దిగిపోవచ్చు."

"ఏవండీ, మీరేమంటారు?" అని మా ఆవిడ నా వైపు తిరిగి, మళ్లీ ఆ అమ్మాయితో తనే అంది. "ఆయన ఏమీ అనరు లేమ్మా. పెళ్లిపీటల మీద నాలుగు మంత్రాలు చెప్పారు. ఆ అలుపు ఇంకా తీరలేదు."

ఒక్కొక్కరికి కలువ ఒకటి, తామర ఒకటి చొప్పున కొన్నాం.

ఏటా ఎండలు ముదరగానే మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. ఇది మా వైపు గేదెలకు కూడా తెలుసు. మండలి వారు పడవకు పెట్టిన ముహూర్తం సరిగ్గా ఆ రోజుల్లో పడింది, మా ఆవిడ కంటి తేదీ నాడే. తెల్లవారి రేవుకు వెళ్లేసరికి కాలువలో కుర్రాళ్లు క్రికెట్ ఆడుతున్నారు. నీళ్లేవని ఎవరో అడిగారు.

"నీళ్లు వేరే శాఖవండీ. మాది పడవ వరకే" అన్నారు ఫణికిరణ్ గారు.

పడవను ట్రాక్టరు ట్రక్కు మీదికి ఎక్కించి గట్టు మీద నిలబెట్టారు. జలమార్గంలోకి ట్రాక్టరు ఎలా వస్తుందని ఎవరికీ సందేహం రాకుండా, దాన్ని పడవలో భాగంగా పరిగణిస్తూ ముందే ఉత్తర్వు తెచ్చారు. వెనక రాబోయే మండలి కారును కూడా చిన్న పడవగా పరిగణించారు. ట్రాక్టరు నడిపే ఉద్యోగం అబ్దుల్‌కే వచ్చింది. టోపీ మీద "సరంగు" అని రాసి ఉంది. మమ్మల్ని నిచ్చెన వేసి ఎక్కించి, మునిగిపోకుండా తేలే చొక్కాలు తొడిగి, నిచ్చెన తీసేశారు. అప్పుడు చలపతిరావు గారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! నీళ్లుంటే పడవ ఎవరైనా నడుపుతారు. నీళ్లు లేకుండా నడపడంలోనే దక్షత ఉంది. ఈ పడవ ఎన్నటికీ మునగదని మీ అందరి సమక్షంలో హామీ ఇస్తున్నాను!"

చప్పట్లు కొట్టాం. ఆ హామీని కాదనడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. ఆయన ఇంకా చాలా చెప్పారు. మా ఆవిడ కొంగుతో ఎడమ కన్ను తుడుచుకుంటూ పొద్దు వైపు చూస్తూ ఉంది.

ఎట్టకేలకు పడవ కదిలింది. లాకుల దగ్గర ఆగింది. లాకులకు రెండు పక్కలా నీటిమట్టం సమానమయ్యేదాకా పడవ కదలకూడదని నిబంధన. నీళ్లు లేవు గనక సమానం కావడం లేదు. ఎండ ఎక్కింది.

"అబ్దులూ, అటూ ఏమీ లేదు, ఇటూ ఏమీ లేదు. అంతకంటే సమానం ఏముంటుంది నాయనా?" అంది మా ఆవిడ.

"నాకూ అలాగే అనిపిస్తుందండీ పిన్నిగారూ. కానీ సమానం అయిందని సంతకం పెట్టే ఆయన సెలవండీ. కాలువ కట్టేశారు కదా, నీళ్లు లేనప్పుడు ఆయనకి పనేముందండీ?"

"అయితే మమ్మల్ని దింపెయ్. నడిచి పోతాం. నా కన్ను పోతుంది."

అబ్దుల్ తల దించుకున్నాడు. "తామర పాసుకి దిగడం లేదండీ పిన్నిగారూ. నిచ్చెన కూడా అక్కడే ఉండిపోయింది."

కింది నేల నాకే దూరంగా కనిపించింది. ఆమె ఒంటి కంటికి అది ఎంత దూరమో కూడా తెలియలేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఫణికిరణ్ గారు తమ చిన్న పడవలో ఏసీ వేసుకుని ఫోన్ల మీద ఫోన్లు చేసి, శూన్యాన్ని సమానంగా భావించవచ్చునని పైనుంచి అనుమతి తెచ్చేసరికి నీడలు కాళ్ల కిందికి వచ్చాయి.

ఏలూరు రేవులో ఇంకో నిచ్చెన వేస్తే, రెండు పాసుల సందున దిగాం. శిబిరం రేవుకు ఎదురుగానే ఉంది. కుర్చీలు ఎత్తి లారీలో వేస్తున్నారు. "డాక్టరు గారు వెళ్లిపోయారు మామ్మగారూ. వచ్చే ఏడాది రండి" అంది నర్సు.

వెనక్కి తిరిగేసరికి కెమెరాలు. ఫణికిరణ్ గారు నా మెడలో దండ వేసి మైకు మూతి దగ్గర పెట్టారు.

"పెద్దాయనా, పడవ ప్రయాణం ఎలా ఉందండీ?"

ఆయన చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది. పాపం, పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు. మొహంలోకి ఆశగా చూస్తున్నారు.

"బాగుందండీ" అన్నాను.

మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపు ఒక కంటిదే. రెండు కళ్లకు సరిపోయింది.

ప్రయాణికుల కోరికను మన్నించి గణపవరం బస్సును కూడా మాన్పించి, రెండో విడత పాసులు అమ్ముతామని చలపతిరావు గారు ఆ సాయంత్రమే ప్రకటించారు. గణపవరం వాళ్లను కూడా అడిగారట. బాగుంటుందన్నారట.

మర్నాడు పొద్దున్న అరుగు మీద కూర్చున్నాను. మా ఆవిడ కాఫీ తెచ్చి ఇచ్చి ఎదురుగా నిలబడింది. నోట్లో పోసుకుంటే ఉప్పు కషాయం. పంచదార డబ్బా, ఉప్పు డబ్బా పక్కపక్కనే ఉంటాయి. కనపడక వేసిందో, కనపడే వేసిందో నేను అడగలేదు.

"ఎలా ఉందండీ?" అంది.

"బాగుంది" అన్నాను.

"అయితే ఇంకో గ్లాసు పోస్తానుండండి" అంది.

గ్లాసు చాపాను.