బక్రం వేసిన చెవులు

ఆదివారం ఉదయం టైలరు మాస్టరు పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, ప్లీడరుగారి నల్లకోటుకు కాలరు కుట్టి మధ్యాహ్నంలోగా అప్పగించడం. ఆ సాయంత్రమే ఆయన ప్లీడర్ల సంఘానికి అధ్యక్షుడవుతున్నాడు. రెండోది, దుకాణం కొత్త బోర్డు మీద ఇంట్లో ఉన్న కుక్కపిల్ల బొమ్మ వేయించడం. ఎదురుగా రెడీమేడ్ షాపు తెరిచిన దగ్గర్నుంచి మాస్టరు గుమ్మం తొక్కేవాళ్ళు తగ్గిపోయారు. అందుకని ఆయన బాగా బుర్ర గోక్కుని, చెవులు నిక్కబొడుచుకున్న కుక్క బొమ్మ, దాని కింద ‘మా కాలరు వాలదు’ అనే మాట ఉండాలని తేల్చాడు.

కుక్కపిల్లను ఇచ్చినవాడు బావమరిది. అసలు సిసలు జాతి అని ఒట్టేసి మరీ ఇచ్చాడు. వచ్చిన కొత్తలో దాని చెవులు తడిసిన ఆకుల్లా వేలాడేవి. తర్వాత ఒకటి లేచింది, తర్వాత రెండోదీ లేచింది. ఆ లేవడంలో తన ప్రమేయమేదో ఉన్నట్టు మాస్టరు వీధంతా చెప్పుకున్నాడు. ఆయన భార్య మాత్రం చెవుల లెక్క పెట్టుకోలేదు. ఆవిడ దానికి బుజ్జిగాడని పేరు పెట్టింది. మాస్టరు మిషను ముందు కూర్చుంటే పలకడు, ఉలకడు. బుజ్జిగాడు మాత్రం ఆవిడ గుండీలు కుడుతున్నంతసేపూ కాళ్ళ దగ్గర పడుకుని ఏం చెప్పినా వింటాడు. వాడంటే ఆవిడకు ప్రాణం.

ఆ పొద్దున షట్టరు ఎత్తేసరికి బుజ్జిగాడి ఎడమ చెవి వాలి ఉంది. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేసరికి కుడి చెవి కూడా వాలింది.

“ఏమే, వీడి చెవులకేమైంది?” అన్నాడు మాస్టరు.

“వాడి చెవులు వాడిష్టం. మీకెందుకు?”

“నాక్కాక ఇంకెవరికి? పెయింటరు వస్తున్నాడు. ఈ చెవులతో వీణ్ణి ఆ బోర్డు కింద కూచోబెడితే జనం నవ్విపోతారు. సాయంత్రంలోగా లేవకపోతే మీ తమ్ముడికి తిరిగి ఇచ్చేస్తా.”

ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది. ఆయన మామూలుగా ఏ మాటమీదా నిలబడడు గాని, దుకాణం సంగతి వస్తే మాత్రం మొండి. ఆ విషయం ఆవిడకు తెలుసు. భయపడింది.

మాస్టరు బావమరిదికి ఫోను చేశాడు. “జాతిలో అనుమానం పెట్టుకోకు బావా. లోపల బలం తక్కువైందేమో చూడు” అన్నాడు బావమరిది, దుప్పట్లోంచి.

లోపల బలం అనగానే మాస్టరుకు దారి దొరికింది. ఆయన అనుభవంలో వాలిపోయినదేదైనా లోపల బక్రం లేకే వాలింది. బక్రం అంటే కాలరు బిగుసుకుని నిలబడటానికి మధ్యలో పెట్టే గట్టి గుడ్డ. అయితే దుకాణంలో ఉన్న బక్రం ఒక్క ముక్కే. అది ప్లీడరుగారి కాలరుకని దాచినది. టోకు దుకాణం ఆదివారం తెరవరు.

మాస్టరు కోటు వంక చూశాడు, కుక్క వంక చూశాడు. ఇద్దరిలో ప్లీడరుగారు అక్కడ లేరు కాబట్టి నిర్ణయం కుక్కకు అనుకూలంగా వచ్చింది.

“గట్టిగా పట్టుకో” అన్నాడు భార్యతో. ఆవిడకు ఇష్టం లేకపోయినా పట్టుకుంది. పట్టుకోకపోతే వాణ్ణి పంపించేస్తాడు మరి. చెవుల కొలతలు తీసి, బక్రం కత్తిరించి, లోపలివైపు తెల్ల ప్లాస్టరుతో అంటించాడు. చెవులు లేచాయి. ఇక కోటు మిగిలింది. మాస్టరు బనియన్ల పెట్టె మూత చించి, కాలరు ఆకారంలో కత్తిరించి పెట్టుకున్నాడు. ఒక్క సాయంత్రానికి ఇది చాలు, రేపు విప్పి మారుస్తానని తనకు తనే మాటిచ్చుకున్నాడు.

ఇంతలో పెయింటరు నిచ్చెనతో సహా వచ్చాడు.

“నేను ఉన్నది ఉన్నట్టే వేస్తానండీ. ఆ ప్లాస్టరు కూడా వెయ్యాలా?”

“చెవులు వెయ్యి, ప్లాస్టరొద్దు” అని చెప్పి మాస్టరు లోపలికెళ్ళి కాలరు మీద పడ్డాడు.

పెయింటరు ఎడమ చెవి వేశాడు. అది నిటారుగా వచ్చింది. ఈలోగా బుజ్జిగాడు బల్లకోడుకు తల రుద్దుకున్నాడు. కుడివైపు బక్రం మడతపడి చెవి వాలింది. పెయింటరు ఉన్నది ఉన్నట్టే వేసి, కుంచె కడుక్కుని, టీ కొట్టుకు వెళ్ళాడు.

టీ కొట్టులో అతను చెప్పింది నిజమే. మాస్టరు కుక్క చెవులకు బక్రం వేశాడు అన్నాడు. ఆ మాట పక్క బల్ల దగ్గరికి వెళ్ళేసరికి మాస్టరు బక్రం పెట్టి కుట్టాడయింది. ఆ చివర టీ తాగుతున్న పశువుల డాక్టరు చెవిన పడేసరికి, కుక్కపిల్లను మిషను కింద పెట్టి రెండు చెవులూ కుట్టేశాడట. డాక్టరు గ్లాసు అక్కడే వదిలేసి లేచాడు.

ఆ సమయానికి ప్లీడరుగారు దుకాణానికి వచ్చి, కొత్తకోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డారు. కాలరు బ్రహ్మాండంగా నిలిచింది. ఆయన సంతోషించి, కాళ్ళ దగ్గర తిరుగుతున్న బుజ్జిగాణ్ణి ఎత్తి భుజాన వేసుకున్నారు.

“ఏదయ్యా కుక్క? మిషను మీద కుట్టావట కదా?” అంటూ డాక్టరు లోపలికి వచ్చాడు.

“సాక్ష్యం ఉందా డాక్టరుగారూ?” అన్నారు ప్లీడరుగారు అలవాటు కొద్దీ.

డాక్టరు ఆయన భుజం మీదే ప్లాస్టరు మెల్లగా ఊడదీసి, బక్రం ముక్కలు పక్కన పెట్టి, కుక్కపిల్ల నోరు తెరిచి చూశాడు.

“పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వస్తున్నాయి మాస్టారూ. ఈ జాతికి ఆ సమయంలో లేచిన చెవులు మళ్ళీ వాలడం మామూలే. ఒకరోజు ఒకటి లేస్తుంది, ఒకరోజు రెండూ పడతాయి. పళ్ళొచ్చాక వాటంతటవే నిలబడతాయి. అసలు పుట్టినప్పుడు వీటి చెవులు మూసుకునే ఉంటాయి, రెండు మూడు వారాలకు గాని తెరుచుకోవు. అన్నిటికీ తొందరపడితే ఎలా?”

“మరి ఈలోగా ఏం చెయ్యాలండీ?” అంది మాస్టరు భార్య.

“ఏమీ చెయ్యకూడదు. చిగుళ్ళు సలుపుతుంటాయి కదా, కొరకడానికి ఏదైనా ఇవ్వండి చాలు.”

బుజ్జిగాడు ఎవరూ ఇచ్చేదాకా ఆగలేదు. డాక్టరు చేయి తీసినప్పటినుంచీ ప్లీడరుగారి కాలరు నములుతూనే ఉన్నాడు. కాలరు నాని, మెత్తబడి, ప్రశాంతంగా భుజం మీదికి వాలింది. చిరిగిన మూలలోంచి అట్టముక్క బయటికొచ్చింది. ప్లీడరుగారు దాన్ని లాగి చదివారు. దానిమీద ‘మెత్తని బనియన్లు, గంజి పెట్టరాదు’ అని ఉంది.

“ఏమిటిది?” అన్నారాయన, కోర్టు వరండా దాకా వినిపించే గొంతుతో.

ఆ గొంతుకు బుజ్జిగాడి చెవులు రెండూ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. అప్పుడు వాటిని చూసే తీరిక ఎవరికీ లేదు. ప్లీడరుగారు కోటు బల్లమీద పడేసి, తిన్నగా ఎదుటి రెడీమేడ్ షాపులోకి నడిచారు. డాక్టరు చెవి ఆకారంలో ఉన్న రెండు బక్రం ముక్కల్ని మాస్టరు చేతిలో పెట్టి, “మీ సామాను” అని వెళ్ళిపోయాడు.

మాస్టరు బయటికొచ్చి బోర్డు చూసుకున్నాడు. ఒక చెవి పైకి, ఒక చెవి కిందికి. కింద చూస్తే బుజ్జిగాడి చెవులు రెండూ మళ్ళీ వాలి ఉన్నాయి.

“దీనివల్లే అంతా. ఇప్పుడే తీసుకెళ్ళి మీ తమ్ముడి ఇంట్లో దింపేస్తా” అన్నాడు.

భార్య కుక్కపిల్లను ఒళ్ళోకి తీసుకుంది.

“చెవి వాలిందని వీణ్ణి పంపిస్తే, కాలరు వాలిందని మిమ్మల్ని ఎక్కడికి పంపమంటారు?”

మాస్టరు కాసేపు ఆలోచించాడు. తనను తీసుకునేవాళ్ళెవరూ ఆయనకు తట్టలేదు. మెడలోని టేపు తీసి మేకుకు తగిలించి, ప్లీడరుగారి కాలరు విప్పడం మొదలుపెట్టాడు.

రెడీమేడ్ కోటుకు చేతులు పొడుగయ్యాయి. వాటిని తగ్గించడానికి మర్నాడు ప్లీడరుగారు మాస్టరు దగ్గరికే వచ్చారు, ముభావంగా. కుక్క చెవులు కుట్టినాయన్ని చూద్దామని వచ్చినవాళ్ళలో కొందరు జాకెట్లూ చొక్కాలూ ఇచ్చి వెళ్ళారు. బోర్డు దిద్దమంటే పెయింటరు ఒప్పుకోలేదు, తను ఉన్నది ఉన్నట్టే వేశానన్నాడు.

బుజ్జిగాడికి పళ్ళన్నీ వచ్చాయి, చెవులు రెండూ నిటారుగా నిలిచాయి. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళు బోర్డు కింద పడుకున్న వాణ్ణి దాటుకుని లోపలికొచ్చి, బోర్డు మీదున్న చెవి వాలిన కుక్క ఏమైందని అడుగుతున్నారు.