చిన్నపోలయ్య గుంట మీద పరీక్ష

సుకుమార్ ఆ ఉదయం నెల్లూరులో బస్సెక్కేటప్పుడు అతని సంచిలో ల్యాప్‌టాప్, పెరుగన్నం డబ్బా, పెళ్లి ఆల్బమ్ అంత లావున్న పరీక్ష ప్రణాళిక ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌ను జనం చేతికిచ్చే ముందు దేన్ని ఏ వరసలో పరీక్షించాలో, ఏం జరిగితే ఆపేయాలో అందులో రాసి ఉంది. వాన పడితే ఏం చేయాలో ఉంది. గుంటలోని సెన్సార్ మీద కాకి వాలితే ఏం చేయాలో కూడా ఉంది. దాన్ని చివరిదాకా చదివినవాడు లోకంలో ఒక్కడే, అతనే రాసినవాడు కూడా.

ఆ సాఫ్ట్‌వేర్ రొయ్యల రైతుల కోసం. గుంట నీళ్లల్లో ఆక్సిజన్ తగ్గగానే రైతు ఫోనుకు మెసేజ్ వెళుతుంది. రైతు ఏరేటర్లు వేస్తాడు, చక్రాలు నీటిని చిలుకుతాయి, రొయ్యలు బతుకుతాయి. కంపెనీ నడిపే వాణి మేడం దాన్ని సోమవారం నుంచే జిల్లా అంతటా అమ్మాలనుకుంటోంది. సుకుమార్ నెల రోజులు పరీక్షించాలన్నాడు. ఆమె ఒక పూట ఇచ్చింది.

"ఈ పూటలో ఒక్క తప్పు పట్టుకో, నెల ఇస్తా. పట్టుకోలేదా, సోమవారం నుంచి కస్టమర్ కాల్స్ నువ్వే చూడు. టెస్టింగ్ డిపార్ట్‌మెంట్ మూసేద్దాం," అన్నది. టెస్టింగ్ డిపార్ట్‌మెంట్ అంటే సుకుమార్ ఒక్కడే.

కస్టమర్ కాల్స్ అన్న మాటకే అతని అరచేతులు చెమర్చాయి. మనిషి ముఖం కనపడకుండా గొంతు ఒక్కటే వచ్చి చెవిలో కూర్చోవడం అతనికి చిన్నప్పటి నుంచీ దౌర్జన్యంగానే అనిపించేది. ఇంటికి కూరగాయలేం తేవాలో కూడా తల్లి కామాక్షిని మెసేజ్ పెట్టి అడిగేవాడు. మనస్తత్వశాస్త్రం పుస్తకాలు తిరగేసి తన భయానికి పేరేమిటో కనుక్కున్నాడు. పేరు దొరికాక ఆ భయం మరింత మర్యాదగా స్థిరపడిపోయింది.

ప్రణాళికలో మొదటి వాక్యం, "రైతుల ఫోన్ నంబర్లన్నీ సరిచూడడమైనది." సరిచూడాలంటే ఫోన్ చేయాలి. సుకుమార్ ప్రతి నంబరులోనూ అంకెలు సరిపోయాయో లేదో చూసి, పక్కన టిక్కు పెట్టి, సరిచూడడమంటే ఇంతేననుకున్నాడు. అలా అనుకున్నట్టు తనకు కూడా తెలియనివ్వలేదు.

అతను బస్సు దిగింది సముద్రానికి దగ్గరగా, ఉప్పుకాలువ పక్కన ఉన్న ఒక పాళెంలో. అక్కడ పరీక్షకు ఒప్పుకున్నవాడు చిన్నపోలయ్య. గుంటలన్నిట్లోనూ కంపెనీ సెన్సార్లు వేసింది కానీ, ఈ పూట పరీక్ష చిన్నపోలయ్య గుంట ఒక్కదానికే. మోటార్ షెడ్డులో సుకుమార్‌కు స్టూలు వేసి, అతను ఆకాశం వైపు చూశాడు.

"మబ్బేసుండాది సార్. మబ్బు రోజు గుంటకు ఊపిరాడదు. రేపు పెట్టుకోకూడదా?"

ప్రణాళికలో వాన ఉంది గాని మబ్బు లేదు. పెట్టుకోకూడదన్నాడు సుకుమార్.

పంపవలసిన మెసేజ్ ముందే సిద్ధంగా ఉంది. మీ గుంటలో ఆక్సిజన్ ప్రమాదకరంగా తగ్గింది, వెంటనే ఏరేటర్లు వేయండి అని. ఇది పరీక్ష మాత్రమే అన్న ముక్క అతను కావాలనే చేర్చలేదు. పరీక్ష అని తెలిసినవాడు మనిషిలా కాక విద్యార్థిలా ప్రవర్తిస్తాడని అతని సిద్ధాంతం. అది తట్టిన రోజు తన మీద తనకు కాస్త గౌరవం కలిగింది. చిన్నపోలయ్య నంబరు ఎంచుకుని, మీట నొక్కి, అతని ముఖంలో మార్పు కోసం చూశాడు.

చిన్నపోలయ్య ప్రశాంతంగా చెవిలో పుల్ల తిప్పుకుంటున్నాడు.

"మెసేజ్ వచ్చిందా?"

"నాకెందుకు వచ్చిద్ది సార్? నేనిచ్చింది బాషాన్న నంబరు గదా."

"మీ నంబరు అడిగితే ఆయనది ఇచ్చారా?"

"అందరం అదే ఇచ్చినాం. పొద్దస్తమానం నీళ్లల్లో ఉండేవోళ్లం. గ్యాస్ బుక్ చేసేదానికీ, బ్యాంకోళ్లకు చెప్పేదానికీ, అన్నిటికీ ఆయన ఫోనే. అంగట్లో కూర్చోనుండే మనిషి, పని తగిలినట్టుంటదని."

నంబరు ఇస్తే ఆ నంబరు కింద ఉన్న గుంటలను సాఫ్ట్‌వేరే వెతుక్కుంటుంది. వెతుక్కుంది. పాళెంలోని గుంటలన్నీ దొరికాయి. గుంటకొకటి చొప్పున ప్రమాద ఘంటికలు రొయ్యల మేత అంగడి అమీర్ బాషా ఫోనులో అప్పటికే మోగుతున్నాయి.

అమీర్ బాషా వార్తను కడుపులో దాచుకునే మనిషి కాడు. భార్య సైదాబీని అంగట్లో కూర్చోబెట్టి, మేత ప్రచారానికి కంపెనీవాళ్లిచ్చిన మైకును స్కూటర్‌కు కట్టుకుని బయలుదేరాడు. కాసేపటికే ఆయన గొంతు గట్ల మీదుగా షెడ్డు దాకా వచ్చింది. అన్ని గుంటల్లోనూ ఒక్కసారే ఆక్సిజన్ పడిపోయిందట, ఇది మామూలు విషయం కాదట, ఉన్న ఏరేటర్లన్నీ వేయాలట.

ఆ పాళెంలో ఒక కట్టుబాటు ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది కాబట్టి ఉత్తరపు గుంటలు కాసేపు, దక్షిణపు గుంటలు కాసేపు వంతులవారీగా ఏరేటర్లు వేసుకుంటారు. ఆ ఉదయం వంతు చూసుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది. పాళెంలోని చక్రాలన్నీ ఒకేసారి కదిలాయి. ఆ శబ్దం సుకుమార్‌కు చప్పట్లలా వినిపించేంతలో దూరాన ఢామ్మంది. చక్రాలన్నీ ఒకేసారి ఆగిపోయాయి.

వెంటనే చేయవలసింది ఫోన్. సుకుమార్ మెసేజ్ పెట్టాడు. ముందు వచ్చినది పొరపాటు, ఆందోళన వద్దని. అది కూడా గుంటకొకటి చొప్పున వెళ్లింది. అమీర్ బాషా స్కూటర్ ఆపి, అన్నిటినీ శ్రద్ధగా చదివి, మళ్లీ మైకు అందుకున్నాడు.

"అయ్యా, ఇందాకటి కబురు తప్పంట. నెల్లూరోళ్ల మిషన్‌కు ఏందో అయింది. ఇంక దాని మాట ఎవురూ నమ్మబాకండి. కరెంటోళ్లు వచ్చిందాకా నెమ్మదిగా టీలు తాగండి."

పాళెం ఊపిరి పీల్చుకుంది. గుంటలు మాత్రం పీల్చుకోలేకపోయాయి. మబ్బు వీడలేదు, కరెంటు లేదు. ల్యాప్‌టాప్ తెర మీద గుంటలు ఒకటొకటిగా ఎర్రబడ్డాయి. ఈసారి అవి నిజం. సాఫ్ట్‌వేర్ తన ధర్మం ప్రకారం నిజమైన హెచ్చరికలన్నీ అమీర్ బాషాకు పంపింది. ఆయన విసుగొచ్చి ఫోన్ కట్టేశాడు.

చిన్నపోలయ్య తెర వైపు ఒకసారి, నీళ్ల పైకి తేలుతున్న రొయ్యల వైపు ఒకసారి చూసి, జనరేటర్ మీద పడ్డాడు. "నాది నేను వేసుకుంటా. మిగతావోళ్లకు ఎవురు చెప్తారు సార్? వాళ్ల ఫోన్లు ఇళ్లల్లో ఆడోళ్ల కాడుంటయ్. నా చేతులు నూనె. మా మస్తానమ్మకు ఫోన్ కొట్టండి, ఆమెకు అందురూ తెలుసు."

చిన్నపోలయ్య జేబులోని బటన్ ఫోను సుకుమార్ చేతిలోకి వచ్చింది. లోపల పాత భయం లేచి, చొక్కా సర్దుకుని, ఎదురుగా నిలబడింది. గుంటలో ఇంకో రొయ్య తేలింది. అతను మీట నొక్కాడు.

"ఎవురయ్యా నువ్వు? మా ఆయన ఫోన్ నీకాడ ఎందుకుండాది?" అన్నది మస్తానమ్మ.

"నెల్లూరు నుంచి వచ్చానమ్మా. గుంటల్లో ఆక్సిజన్ పడిపోతోంది. అందరినీ జనరేటర్లు వేసుకోమనాలి."

"ఇది నిజమా, ఇందాకటి మాదిరా?"

"నిజం. ఇందాకటిది నా తప్పు."

ఆమె ఒక నంబరు చెప్పింది. ఆ నంబరామె ఇంకొకటి చెప్పింది. ప్రతి ఇంట్లోనూ అదే ప్రశ్న, అదే జవాబు. ఒక ముసలామె పెళ్లయిందా అని అడిగింది. కాలేదంటే, జనరేటర్ వేయించి వస్తా, ఫోన్ పెట్టేయబాకన్నది. కాసేపటికి ఒక జనరేటర్ గుర్రుమంది, దాని పక్కన ఇంకొకటి. తెర మీద ఎరుపు వెనక్కి తగ్గింది. తన అరచేతులు ఎప్పుడు ఆరిపోయాయో సుకుమార్ గమనించలేదు.

వాణి మేడం కారు అప్పుడే గట్టు కిందికి వచ్చింది. పక్కన రైతు సంఘం అధ్యక్షుడు పద్మనాభయ్య ఉన్నాడు. సాఫ్ట్‌వేర్ ప్రతాపం చూపిస్తానని ఆమె ఆయన్ను పిలుచుకొచ్చింది. సుకుమార్ ఏమీ దాచలేదు. తప్పు దొరికింది మేడం, నంబర్లు సరిచూడకుండానే చూశానని రాశాను, అని చెప్పేశాడు. ఆమె ముఖం చూస్తే నెల సంగతి అటుంచి సోమవారం దాకా ఉద్యోగం ఉండేటట్టు కూడా కనపడలేదు.

పద్మనాభయ్య మాత్రం జనరేటర్ల మోత వింటూ నిలబడ్డాడు. "వీళ్లందరి చేత ఇవి వేయించిందెవరు?" అన్నాడు.

"ఈ సారే," అన్నాడు చిన్నపోలయ్య. "ఫోన్‌లో అర్థమయ్యేటట్టు చెప్తాడు. తప్పయితే తప్పంటాడు."

పద్మనాభయ్య తలాడించాడు. "అమ్మా, మీ మిషన్‌ను నెల రోజులు తీరిగ్గా పరీక్ష చేసుకోండి. అందాకా రోజూ పొద్దున్నే ఈ అబ్బాయి ఇంటింటికీ ఫోన్ చేసి గుంటల సంగతి చెప్పాల. అట్లయితేనే మా సంఘం తీసుకునేది."

"నెల అడిగావుగా, తీసుకో," అన్నది వాణి మేడం, ఆ రోజు మొదటిసారి నవ్వుతూ. కోరుకున్నదీ భయపడ్డదీ ఒకే వాక్యంలో మంజూరు కావడం ఏ పుస్తకంలోనైనా ఉందేమోనని సుకుమార్ ఆలోచించాడు. గుర్తు రాలేదు.

ఈసారి ఎవరి నంబరు వాళ్లే ఇవ్వాలని పద్మనాభయ్య గట్టిగా చెప్పాడు. ఇచ్చారు. ఏ రెండూ ఒకటి కావని సుకుమార్ మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. సోమవారం తెల్లవారగానే ఆఫీసులో కూర్చుని, గొంతు సవరించుకుని, మొదటి నంబరు నొక్కాడు.

"చెప్పండి సార్," అన్నాడు అమీర్ బాషా. "మీరు ఫోన్ చేస్తారని అందురూ ఫోన్లు తెచ్చి నా అంగట్లోనే పెట్టిపోయినారు. ఇప్పుడు ఎవురి గుంట?"

సుకుమార్ ప్రణాళిక తెరిచి, మొదటి వాక్యం పక్కనున్న టిక్కును కొట్టేశాడు.